శబ్దమును మించిన వేగము

మన జానపద కథలలో రాజకుమారుడు గుఱ్ఱమెక్కినచో వాయువేగ మనోవేగములతో పోవును. గాలికంటె వేగమైనది మనస్సు. ఆ రెండింటి నడుమ మఱియొక కొలతతో కథకునకు పనిలేకపోయెను. విమానయుగము వచ్చిన పిమ్మట ఆ నడుమ నొక మెట్టు ఏర్పడినది. అది శబ్దవేగము. దానిని మించిన వేగమునకు పాశ్చాత్యులు సూపర్‌సోనిక్ అని పేరిడిరి. ఇప్పుడా మాట విమానములను వదలి వీధులలోనికి దిగినది. బస్సు కొంచెము జోరుగా పోయిన సూపర్‌సోనిక్, కచేరీలో దస్త్రము ఒక బల్లనుండి మఱియొక బల్లకు కదలిన సూపర్‌సోనిక్, అంగడిలో సరకు త్వరగా అమ్ముడుపోయిన సూపర్‌సోనిక్. నాణెము చేతులు మాఱినకొలది దానిమీది ముద్ర అరిగిపోవునట్లు, ఈ మాటయు వాడినకొలది అర్థము కోల్పోవుచున్నది. దాని ముద్రను మరల ఒకమాఱు తేటపఱచుట అవసరమని మేము తలచుచున్నాము.

ఇది పండితుల ముచ్చటగాదు. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలములోని కర్దనూరు వంటి గ్రామమునకు ఈ మాటతో ప్రత్యక్ష సంబంధము కలదు. అదే మండలమున భానూరులో భారత్ డైనమిక్స్ వారి క్షిపణి కర్మాగారమున్నది. ఎద్దుమైలారమున 1984లో ఆయుధ కర్మాగారము నెలకొల్పబడినది. దుండిగల్‌నందు 1971 నుండి వాయుసేన అకాడమీ నడచుచున్నది. హైదరాబాదు కాంచనబాగ్ పరిశోధనాలయములలో శబ్దమును మించిపోవు క్షిపణులకు రూపకల్పన జరుగుచున్నది. ఒకప్పుడు జొన్న, కంది పండిన చేలప్రక్కన నేడు కర్మాగారముల ప్రహరీలు లేచియున్నవి. మింటను మ్రోత, నేలను మ్రోత వినబడు ఈ ప్రాంతమున ఏ మ్రోత ఏమిటో తెలిసియుండుట ప్రాణరక్షణకు సంబంధించిన విషయము.

మొదట శబ్దము ఎంత వేగముగా పోవునో చూతము. చెఱువునకు ఆవలిగట్టున చాకలి బట్ట నుతుకుచుండగా, బట్ట బండను తాకుట మొదట కనబడును. చప్పుడు తరువాత వినబడును. వెలుగు క్షణములో వచ్చును, శబ్దము నడచి వచ్చును. ఇరువది డిగ్రీల వేడిగల గాలిలో అది సెకండునకు సుమారు 343 మీటర్లు, అనగా గంటకు సుమారు 1,235 కిలోమీటర్లు పోవును. మెఱుపు కనబడినది మొదలు ఉఱుము వినబడువఱకు సెకండ్లు లెక్కించి మూటితో భాగించినచో పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరమున పడెనో తెలియును. శ్రీహరికోటనుండి రాకెట్టు లేచునప్పుడు ఆఱు కిలోమీటర్ల దూరమున నిలిచినవాడు మంటను చూచిన పదునేడు సెకండ్లకు గాని దాని గర్జనను వినడు.

ఐతే ఈ వేగము స్థిరమైనది కాదు. గాలి వేడెక్కిన హెచ్చును, చల్లబడిన తగ్గును. సున్న డిగ్రీల వద్ద సెకండునకు 331 మీటర్లు. పటాన్‌చెరు మండుటెండలో, నలుబది డిగ్రీల వద్ద, సుమారు 355 మీటర్లు. పదునొకండు కిలోమీటర్ల యెత్తున, గాలి గడ్డకట్టు చలిలో నున్నచోట, అది 295 మీటర్లే. కావున విమానికునకు గంటకిన్ని కిలోమీటర్లను లెక్కతో పాటు, తానున్నచోట శబ్దవేగములో తన వేగము ఎన్నవ వంతు అను లెక్కయు కావలసియుండును. ఆ సంఖ్యకే మాక్ సంఖ్య యని పేరు. ఒకటికంటె తక్కువయైనచో సబ్‌సోనిక్. ఒకటిని మించినచో సూపర్‌సోనిక్. ఐదును మించినచో హైపర్‌సోనిక్. మనము దూరదేశములకు పోవు జెట్ విమానములు సుమారు 0.85 మాక్ వేగముతో పోవును. అవి శబ్దమునకు లోబడినవే. పటాన్‌చెరు మీదుగా పోవు బాహ్యవలయ రహదారిపై గంటకు 120 కిలోమీటర్ల వేగముతో పోవు మోటారుకారు మాక్ సంఖ్య పదింట ఒకవంతు మాత్రమే. దానిని సూపర్‌సోనిక్ అనువారు తొమ్మిదివంతుల గొప్పను ఊరకే జతచేయుచున్నారు.

మాక్ అనునది ఒక మనుష్యుని పేరు. ఎర్నెస్ట్ మాక్ 1838లో మొరేవియా దేశమున జన్మించి, ప్రాగ్ నగరమున అధ్యాపకుడై, 1916లో మరణించెను. తుపాకిగుండు గాలిని చీల్చుకొని పోవునప్పుడు దాని ముందర ఏర్పడు అలను ఆయనయు పీటర్ సాల్షర్ అను సహచరుడును ఛాయాచిత్రమున పట్టి 1887లో ప్రకటించిరి. విమానము పుట్టుటకు పదునాఱేండ్లకు ముందే ఈ చిత్రము లోకమునకు లభించినది. ఆ సంఖ్యకు మాక్ పేరుపెట్టినవాడు స్విట్జర్లాండు పండితుడగు యాకోబ్ ఆకరెట్. అది 1929నాటి మాట.

శబ్దమును మించినప్పుడు జరుగునదేమి? చెఱువులో బాతు మెల్లగా ఈదుచున్నచో దాని ముందర చిన్న తరగలు బయలుదేరి గట్టునకు వార్త తెచ్చును. అది తరగలకంటె వేగముగా పోయినచో ముందర తరగ లేదు. రెండు ప్రక్కల కోణముగా గట్టి అల యొకటి వెనుక సాగును. గాలిలోను అంతే. విమానము శబ్దమునకు లోబడి పోవునంతకాలము అది వచ్చుచున్నదని గాలి ముందుగా ఎఱుగును, మనమును ఎఱుగుదుము. శబ్దమును మించినప్పుడు ముందరి గాలికి ఏ సూచనయు అందదు. చెప్పవలసిన చప్పుడంతయు కుప్పగా కూడి శంఖువువలె వెనుక సాగి, నేలను తాకినచోట పిడుగువంటి గర్జనగా వినబడును. దీనికే సోనిక్ బూమ్ అని పేరు. విమానము మనలను దాటిపోయిన తరువాతనే అది మనకు వినబడును.

ఇచ్చట లోకమున నొక భ్రమ కలదు. విమానము శబ్దవేగమును దాటిన ఆ ఒక్కక్షణముననే గర్జన పుట్టునని పెక్కుమంది తలంతురు. అది సరికాదు. విమానము శబ్దమును మించి పోవునంతసేపును, దాని దారి పొడవున తివాచీ పఱచినట్లు గర్జన నేలమీద సాగుచునే యుండును. ఒక్కొక్క యూరికి ఒక్కొక్కమాఱు వినబడును గనుక ఒక్కమాఱే జరిగినట్లు తోచును. విమానములోని వానికి మాత్రము అది వినబడదు. ఈ చివరి మాటను పాఠకులు గుర్తుంచుకొనగోరుచున్నాము. దీనితో మఱల పనియున్నది.

ఇంతటి గర్జన విదేశీ యంత్రములకే చెల్లినదని తలచుటయు పొరపాటే. బండివాడు చెర్నాకోల ఝళిపించినప్పుడు వచ్చు ఛెళ్లుమను చప్పుడు ఎట్లు పుట్టుచున్నది? కొస ఎద్దును తాకుటవలన కాదు. తాకకున్నను చప్పుడు వచ్చును. చేతివద్ద పుట్టిన వంపు సన్నబడుచు పోవు త్రాటివెంట పరుగెత్తి, వేగము హెచ్చుచు, కొసను చేరునప్పటికి శబ్దమును మించును. ఆ చిన్న చప్పుడు గాలిలోని చిన్న సోనిక్ బూమ్. జెట్ యంత్రమును ఎన్నడు చూడని రైతు తరతరములుగా శబ్దవేగమును మించుచునే యున్నాడు. దానికి పేరు పెట్టలేదు, అంతియే.

పేర్లు పెట్టుటలో పత్రికలవారి పాత్రయు ఇందు కలదు. 1935లో హిల్టన్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు ఒక పత్రికా విలేఖరికి పటము చూపుచు, శబ్దవేగమును సమీపించినకొలది రెక్కకు గాలియొక్క అడ్డు గోడవలె లేచుచున్నదని వివరించెను. మఱునాటి పత్రికలలో అది శబ్దపు గోడగా అచ్చుపడెను. శాస్త్రజ్ఞుడు ఉపమానముగా చెప్పినది లోకమునకు నిజమైన గోడయైనది. 1946 సెప్టెంబరు 27న జెఫ్రీ డి హావిలాండ్ కుమారుడు అట్టి వేగమునకు యత్నించుచున్న విమానము ముక్కలై మరణించుటతో గోడపై భయము మఱింత హెచ్చెను. 1947 అక్టోబరు 14న అమెరికా వైమానికుడు చక్ యేగర్ బెల్ ఎక్స్-1 అను రాకెట్ విమానమున సుమారు 43,000 అడుగుల యెత్తున 1.06 మాక్ వేగమును అందుకొనెను. గోడ లేదని, దాటదగిన కష్టము మాత్రమే కలదని అప్పుడు తేలినది. ఐనను శబ్దపు గోడను బ్రద్దలు కొట్టుట యను పలుకుబడి నిలిచిపోయినది. పత్రికలు నాటిన మాట పీకినను ఊడదని మా వృత్తివారు ఎఱిగియుండవలెను.

సూపర్‌సోనిక్ అను మాటకు ఇంకొక వింత చరిత్ర కలదు. తొలుదొల్త అది వేగమునకు సంబంధించినది కానేకాదు. మానవుని చెవికి అందని హెచ్చు కంపనముల శబ్దమునకు ఆ పేరుండెను. 1918లో ఆర్మ్‌స్ట్రాంగ్ కనిపెట్టిన సూపర్‌హెటరోడైన్ రేడియో పేరులోని సూపర్ అట్టిదే. సూపర్‌సోనిక్ అను మాట కుదించి చేర్చినది. పట్టణముల ఇండ్లలో రేడియో పాటలు విన్నవారు తెలియకయే ఆ మాటతో కాపురము చేసిరి. తరువాత వేగమునకు సూపర్‌సోనిక్ అనియు, చెవికందని ధ్వనులకు అల్ట్రాసోనిక్ అనియు విడదీసిరి. నేడు ఆసుపత్రిలో గర్భవతికి చేయు స్కానింగు ఈ రెండవ తెగకు చెందినది. మన పాఠ్యగ్రంథములు దానిని అతిధ్వని యనుచున్నవి. ఒకటి ఎంత వేగముగా పోవుచున్నదను ప్రశ్న. వేఱొకటి ఎంత సన్నగా కంపించుచున్నదను ప్రశ్న. రెంటిని కలిపివేయుట ధాన్యమును గజములతో కొలుచుటవంటిది.

మన దేశము ఈ వేగమును ఎట్లు సంపాదించెనో చెప్పుట అప్రస్తుతము కాదు. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి మారుత్ విమానము 1961 జూన్ 17న మొదట ఎగిరెను. జర్మనుడగు కర్ట్ టాంక్ దానిని శబ్దమునకు రెండు రెట్ల వేగమును గుఱిగా పెట్టుకొని రూపొందించెను. తగిన బలముగల యింజను దొరకక అది శబ్దవేగమును అంటీ అంటకుండ నిలిచిపోయెను. రెక్కలు మనవైనను యింజనుకొఱకు పరుల మొగము చూడవలసి వచ్చిన ఫలమిది. 1963లో రష్యానుండి మిగ్-21 విమానములు వచ్చినవి; అవి మన వాయుసేనకు మొదటి సూపర్‌సోనిక్ యుద్ధవిమానములు; 2025 సెప్టెంబరు 26న వానికి వీడ్కోలు జరిగినది. మన తేజస్ విమానము 2001 జనవరి 4న తొలిమాఱు ఎగిరి, 2003 ఆగస్టు 1న శబ్దవేగమును దాటినది. హైదరాబాదులో రూపొందిన ఆకాశ్ క్షిపణి శబ్దమునకు రెండున్నర రెట్ల వేగముతో పోవును. బ్రహ్మోస్ సుమారు 2.8 రెట్లు. 2020 సెప్టెంబరు 7న మనవారు ఆఱురెట్ల వేగమును ఇరువది సెకండ్లకు పైగా నిలిపిరి. అట్టి వేగమునకు వలయు యింజను దహనకోశమును 2025 ఏప్రిల్ 25న హైదరాబాదులో నేలపై నిలిపి వేయి సెకండ్లకు పైగా మండించిరి.

ఈ జాబితా విని క్షిపణియన్నంత మాత్రమున సూపర్‌సోనిక్ అని తలపరాదు. కర్దనూరు దాపుననే భానూరులో తయారగు కొంకర్స్ అను ట్యాంకు విధ్వంసక క్షిపణి సెకండునకు సుమారు 200 మీటర్లు మాత్రమే పోవును. అది శబ్దముకంటె మెల్లనిది. ఐనను తన పనికి అదే తగిన వేగము. తీగెవెంట దానిని గుఱికి నడపువాని చేతికి లొంగియుండవలెను గదా. ఎంత వేగమను ప్రశ్నకు ముందు ఎందుకు వేగమను ప్రశ్న రావలెనని మన గడపలోని యంత్రమే చెప్పుచున్నది.

ఈ ప్రశ్నను విస్మరించినచో ఏమగునో కాంకార్డ్ విమాన చరిత్ర చూపును. ఆంగ్ల ఫ్రెంచి దేశములు కలిసి నిర్మించిన ఆ విమానము 1969 మార్చి 2న మొదట ఎగిరి, 1976 జనవరి 21న ప్రయాణికులను ఎక్కించుకొనసాగెను. లండనునుండి న్యూయార్కునకు మూడున్నర గంటల ప్రయాణము. కాని దాని గర్జనను సహింప నేల మీది జనులు సిద్ధముగా లేరు. అంతకుముందే 1964లో అమెరికాలోని ఓక్లహామా నగరముపై ఆఱు మాసములపాటు 1,253 గర్జనలను కావలెననియే వినిపించి జనుల యోర్పును పరీక్షించిరి. తుదకు నూటికి 27 మంది ఇక దీనితో బ్రదుకలేమనిరి. 1973లో అమెరికా తన భూభాగముపై పౌర విమానముల సూపర్‌సోనిక్ ప్రయాణమును నిషేధించెను. కాంకార్డునకు సముద్రమే దారియయ్యెను; 2003లో అది విరమించెను. 2025 జూన్‌లో ఆ నిషేధమును తొలగింపవలెనని అమెరికా అధ్యక్షుని ఉత్తరువు వెలువడినది. గర్జనను మెల్లని తట్టుగా తగ్గించు విమానములకై యత్నములు సాగుచున్నవి. ఎక్కినవాడు కొందఱు, విన్నవాడు లోకమంతయు. గర్జన లోపలివానికి వినబడదని పైన చెప్పినమాట ఇచ్చట సార్థకమగుచున్నది.

ఇక మన ప్రాంతపు మాటకు వత్తము. 2020 మే 20న మధ్యాహ్నము బెంగుళూరు నగరమున పెనుమ్రోత వినబడి కిటికీలు అదరినవి. భూకంపమని కొందఱు, ప్రేలుడని కొందఱు వదంతులు లేవదీసిరి. భూకంప జాడ లేదని అధికారులు చెప్పిరి. అది వాయుసేన విమానమొకటి సూపర్‌సోనిక్ పరీక్షలో చేసిన గర్జనయని, అట్టి మ్రోత అఱువదియైదు మొదలు ఎనుబది కిలోమీటర్ల దూరమునకును వినబడునని రక్షణశాఖ అదే దినమున ప్రకటించెను. అంతటి నగరమే కలవరపడినచో గ్రామముల మాట చెప్పనేల?

పటాన్‌చెరు ప్రాంతమునకు ఇంకొక కష్టము కలదు. ఇచ్చట మ్రోత విమానముదే కానక్కఱలేదు. 2025 జూన్ 30న పాశమైలారము పారిశ్రామికవాడలో ఒక ఔషధ కర్మాగారమున ప్రేలుడు సంభవించి నలుబదిమందికి పైగా కార్మికులు మరణించిరి. ప్రేలుడు శాస్త్రమునందును శబ్దవేగమే సరిహద్దు. ప్రేలుపదార్థములో మంట శబ్దవేగమునకు లోబడి ప్రాకినచో ఒక తెగ; సన్నని పొడి, ఆవిరి, నల్లమందు సామాన్యముగా ఈ తెగలోనివి. శబ్దమును మించి పరుగెత్తినచో మఱియొక తెగ. సెకండునకు సుమారు ఏడు కిలోమీటర్లు పోవు టి.ఎన్.టి. అట్టిది. మెల్లని తెగ యని దానిని తేలికగా చూడరాదు. మూసిన గదిలో అదియు గోడలను కూల్చును. కావున కర్మాగారముల నడుమ బ్రదుకువారు పెనుమ్రోత విన్నప్పుడు విమానమేలే యని నిద్రపోరాదు. ప్రేలుడే యని ఊరంతయు పరుగెత్తనురాదు. మంట కనబడెనా, పొగ లేచెనా చూడవలెను. మెఱుపునకు మ్రోతకు నడుమ సెకండ్లు లెక్కింపవలెను. మండలాధికారులను, అగ్నిమాపక దళమును అడుగవలెను. తెలియకున్నచో ఉఱుము ఉఱిమి మంగలము మీద పడ్డట్లు మింటి మ్రోతకు ప్రక్క కర్మాగారమును నిందింతుము. కర్మాగారపు మ్రోతను మింటికి అంటగట్టి ఊరకుందుము. రెండవ పొరపాటు మొదటిదానికంటె ప్రమాదకరము. ఇందుకై పాఠశాలలలో ఒకపూట పాఠము, పంచాయతీ గోడపై పది పంక్తుల ప్రకటన చాలును.

వాడుకలో ఈ మాటను ప్రయోగింపవద్దని మేము చెప్పము. అర్థమెఱిగి ప్రయోగించినచో అది మంచి ఉపమానమే. సూపర్‌సోనిక్ అనగా వట్టి వేగముకాదు. చప్పుడుకంటె ముందు వస్తువు వచ్చిపడుట. వార్త అందకముందే కార్యము ముగియుట. ఈ యర్థమున మన ప్రాంతమున కొన్ని పనులు నిజముగా సూపర్‌సోనిక్‌గానే జరిగినవి. కర్మాగారములు వచ్చినవి, వాని వ్యర్థజలము నక్కవాగున కలిసి బావులు చెడినవి, ఆ మొఱ 1990లో గాని సర్వోన్నత న్యాయస్థానమున వినబడలేదు. నష్టము ముందు వచ్చెను, శబ్దము వెనుక వచ్చెను. లోపల కూర్చున్నవారికి అది వినబడలేదు. ఒక కార్యమును సూపర్‌సోనిక్ వేగముతో చేసితిమని ఏ యధికారియైన చెప్పుకొనునప్పుడు, జనులకు తెలియకమున్నే చేసితిమని చెప్పుచున్నాడా యని శ్రోత అడుగవలసియుండును. దస్త్రము వేగముగా కదలుట మేలే. నోటీసు మాత్రము దస్త్రముకంటె ముందు రావలెను.

చివరగా తెలుగు మాట విషయము. ధ్వన్యతీతము అందమా యనగా, మన ఆలంకారికులకు ధ్వనియనగా వ్యంగ్యార్థము. శబ్దాతీతము అందమా యనగా, వైయాకరణులకు శబ్దమనగా పదము. రెండింటియందును వేగము లోపించినది. శబ్దమును మించిన వేగమని మూడుమాటలలో చెప్పుట స్పష్టము. రైలును రేడియోను చేర్చుకొన్నట్లు సూపర్‌సోనిక్ అను మాటనే చేర్చుకొనుటయు దోషముకాదు. పరాయి మాటకు ఇంట చోటిచ్చుటలో తప్పులేదు. దాని అర్థమును వాకిట వదలివచ్చుటయే తప్పు. చెర్నాకోల చేతబట్టిన రైతు మొదలు క్షిపణికి మర బిగించు కార్మికునివఱకు ఈ మర్మము ఎఱిగినచో, మాటయు మనదగును, వేగమును మనదగును.